రెండు కళ్ళ కెమెరా, ఒక నల్ల బ్యాగు

శుక్రవారం పొద్దున్న శ్యాంసుందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి క్లినిక్కుకు వెళ్ళి కడుపునొప్పి అని ఎంసీ తీసుకోవడం, పదకొండింటికి బెడోక్‌లో కెమెరా చూడటం, రెండింటికల్లా జురాంగ్ వెస్ట్‌లో ఇంటికొచ్చి బుద్ధిమంతుడైన రోగిలా పడుకోవడం. ఎంసీ అంటే డాక్టరిచ్చే చీటీ. సింగపూర్‌లో ఆ చీటీ ఉంటే మనిషికి జబ్బు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ కెమెరా కోసం అతను ఐదు నెలలుగా నిద్రాహారాలు మానేశాడనడం అబద్ధం గానీ, ఆఫీసు పని మాత్రం బాగానే మానేశాడు. అది మీడియం ఫార్మాట్ ఫిల్ము కెమెరా. మామూలు రీలుకు దాదాపు రెండింతల వెడల్పున్న ఫిల్ము, రోలుకు పన్నెండే ఫోటోలు, ఒక్కొక్కటీ నలుచదరం. ఊరంతా డిజిటల్ కెమెరాలు కొనుక్కుంటున్న 2005లో స్టూడియోల వాళ్ళు ఇలాంటివి వదిలించుకుంటున్నారు. మొదటి కెమెరా కాబట్టి చవకగా ఉండాలి, చవకది కదా అని చెత్తది కాకూడదు. శ్యాంసుందర్ సాఫ్ట్‌వేర్ మనిషి గనక ఎక్సెల్ షీటు తెరిచి మార్కులు వేశాడు. స్వీడన్ కెమెరా ధర చూసి ఆ వరసనే చెరిపేశాడు. రష్యా కెమెరా చవకే గానీ మెడలో వేసుకుంటే ఇటుక మోసినట్టుంది. ప్లాస్టిక్ కెమెరా మరీ చవక. దాన్ని చూసి భార్య ప్రసన్నలక్ష్మి "ఇందులో నీళ్ళు పోసి కొట్టుకోవచ్చా?" అని అడిగింది. చివరికి నెగ్గింది జపాన్ వాళ్ళ పాత రెండు కళ్ళ కెమెరా. పై కంట్లోంచి మనం చూస్తాం, కింది కన్ను ఫోటో తీస్తుంది.

"పెళ్ళిచూపులప్పుడు కూడా మీరు ఇంత ఆలోచించలేదు," అంది ప్రసన్నలక్ష్మి.

"అప్పుడు ఆప్షన్లు లేవుగా," అని శ్యాంసుందర్ నాలుక కరుచుకున్నాడు.

అతనికున్న అసలు భయం వేరు. సింగపూర్‌లో స్థిరపడటానికి మొగుడూ పెళ్ళాలు పెట్టుకుంటున్న పీఆర్ దరఖాస్తులో, కంపెనీ తరఫున మేనేజరు సంతకం చేయాల్సిన కాగితం ఒకటుంది. మేనేజరు విశ్వేశ్వరరావు మూడు వారాలుగా "చూద్దాం" అంటున్నాడే తప్ప పెన్ను తీయడం లేదు. ఆ కాగితం శ్యాంసుందర్ బ్యాగులోనే తిరిగి తిరిగి మూలలు నలిగిపోయింది. పైగా ఎంసీ పెట్టినవాణ్ణి మర్నాడు పిలిచి, ఏ పక్క నొప్పి, ఎప్పటి నుంచి అని డాక్టరు కంటే ఎక్కువ ఆరా తీసే రకం విశ్వేశ్వరరావు. క్రిందటి నెల దొంగ ఎంసీ పెట్టి దొరికిన కుర్రాడి ఉద్యోగం పోయింది, ఇక్కడ ఉండనిచ్చే పాసు రద్దయింది, నెల తిరక్కుండా విమానం ఎక్కాడు. కెమెరా పిచ్చి లేకపోతే శ్యాంసుందర్ ఇలాంటి సాహసం కలలో కూడా చేసేవాడు కాదు.

బెడోక్‌లో కెమెరా అమ్ముతున్నది సూరమ్మ ఆంటీ. వాళ్ళ తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. భర్త పైడిరాజు నలభై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపి, ముందటేడు పోయాడు.

"ఏటి బాబూ, మకాన్ అయిందా?" అంది తలుపు తీస్తూనే.

"భోజనం ఇంకా కాలేదాంటీ. ముందు కెమెరా చూద్దామని..."

ఆవిడ బీరువాలోంచి కెమెరా తీసి, తన బిడ్డ మొహం తుడిచినట్టు తుడిచింది. "ఇది మా ఆయన సేతిది. ఇంకో ఇద్దరు అడిగినారు, నాను ఇవ్వనేదు. డబ్బు కోసం కాదు బాబూ, సూసుకునీవోడికే ఇస్తాను. ఒక రీలు తీసి సూడు. నచ్చితే ఉంచుకో, నేదంటే ఆదివారం తెచ్చీ. పోగొట్టినావో, మరి నా గుమ్మం తొక్కకు."

"అయ్యో, ప్రాణంలా చూసుకుంటానాంటీ."

"ఇదిగో, ఈ మీట జోలికెల్లకు. ఫోటోలో మనమూ పడాలంటే తిప్పీ టైమరిది. ఒక్కోపాలి ముట్టకుండానే గిర్రుమంటాది లా." ఇక్కడివాళ్ళ మాట ఏ భాషదైనా చివర ఆ 'లా' తగలాల్సిందే.

శ్యాంసుందర్ మూత తెరిచి, తల వంచి లోపలికి చూశాడు. చిన్న అద్దంలో సూరమ్మ, ఆవిడ వెనక గోడ మీద పైడిరాజు ఫోటో కుడిఎడమలు మారి కనిపించాయి. ఎక్సెల్ షీటులో ఈ గడికి మార్కులు లేవు. కెమెరాను తువ్వాల్లో చుట్టి, కంపెనీ పదేళ్ళ పండగకి ఉద్యోగులందరికీ పంచిన నల్ల లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, మెట్లు దిగాడు.

కింద, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటరులో మధ్యాహ్నం రద్దీ. ఇక్కడి జనం తిండి కొనుక్కునే ముందే చోటు పట్టుకుంటారు. ఖాళీ టేబులు మీద టిష్యూ పేకెట్టు పెట్టి వెళ్ళిపోతే, ఎంత ఆకలిగా ఉన్నవాడైనా అక్కడ కూర్చోడు. చోప్ అంటారు దాన్ని. శ్యాంసుందర్ జేబులో టిష్యూలు లేవు. ఈ దేశంలో దొంగలు లేరన్న నమ్మకం మాత్రం పుష్కలంగా ఉంది. స్తంభం పక్కన ఒక గుండ్రటి టేబులు మీద బ్యాగు పెట్టి, మటన్ బిర్యానీ క్యూలో నిలబడ్డాడు. క్యూ మలుపు తిరిగి అవతలి వీధి దాకా ఉంది.

పాతిక నిమిషాల తర్వాత ట్రే పట్టుకుని రెండో వైపు నుంచి లోపలికి వచ్చేసరికి, స్తంభం చుట్టూ పోలీసు టేపు కట్టి ఉంది. ఇద్దరు కుర్ర పోలీసులు జనాన్ని వెనక్కి జరుపుతున్నారు. టేపు మధ్యలో, గుండ్రటి టేబులు కింద, నల్ల బ్యాగు ఒకటి ఒంటరిగా పడి ఉంది. దాని మీద కంపెనీ బొమ్మ అంత దూరానికీ మెరుస్తోంది.

"బ్యాగ్ లా, నో ఓనర్," అంది పక్కనున్న చీనా ఆంటీ, తన నూడుల్స్ తింటూనే. "మేబీ బాంబ్. స్పెషలిస్ట్ కమింగ్."

లండన్ రైళ్ళలో బాంబులు పేలి నెలన్నా కాలేదు. దిక్కులేని బ్యాగు కనిపిస్తే చెప్పండని స్టేషన్లో టీవీలు రోజంతా మొత్తుకుంటున్నాయి. తన బ్యాగు టేబులు మీంచి జారి కింద పడిందన్నమాట! వెళ్ళి నాదేనని చెబితే, పేరు రాసుకుంటారు, ఆఫీసుకు ఫోను చేస్తారు, కడుపునొప్పి మనిషి బెడోక్‌లో బిర్యానీ ట్రేతో ఏం చేస్తున్నాడని అడుగుతారు. చెప్పకపోతే, ఆ వచ్చే స్పెషలిస్టు పైడిరాజు కెమెరాను ముక్కలు ముక్కలుగా పేల్చేస్తాడు. ఈలోగా ఆ పాడు టైమరు గిర్రుమన్నదంటే పోలీసులకు ఇంకే అనుమానమూ ఉండదు. అతను చెవులు రిక్కించి వింటూ నిలబడ్డాడు.

"ఏమయ్యా శ్యాం!"

ఆ గొంతు విని అతని చేతిలో ట్రే సగం ఒరిగింది. వెనక విశ్వేశ్వరరావు! సూటు, టై, నుదుటి నిండా చెమట. క్లయింటు మీటింగుకని జురాంగ్ ఐలాండ్ వెళ్ళాల్సిన మనిషి, ఊరికి సరిగ్గా ఆ చివర ఉండాల్సినవాడు, ఈ చివర ఎందుకున్నాడని అడగాలన్న ఊహ కూడా శ్యాంసుందర్‌కు రాలేదు. దొరికిపోయానన్న ఒక్క మాటే తల నిండా తిరుగుతోంది.

"సార్... కడుపునొప్పి సార్."

విశ్వేశ్వరరావు చూపు మటన్ బిర్యానీ మీద పడింది. ఆయన తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

"డాక్టరు... మెత్తగా తినమన్నారు సార్. ముక్క మెత్తగానే ఉంది."

"ఊఁ," అన్నాడు విశ్వేశ్వరరావు, బ్యాగు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. తర్వాత గొంతు తగ్గించి, "ఆ బ్యాగు మన కంపెనీదేనా?" అని అడిగాడు.

"అలాంటివి బజార్లో చాలా ఉంటాయి సార్."

"దాని ఓనరు దొరికితే ఏం చేస్తారంటావ్?"

"తెలీదు సార్."

"పేరు బయటపెడతారా? ఆఫీసుకు చెబుతారా?"

తనని పిల్లి ఎలుకను ఆడించినట్టు ఆడిస్తున్నాడని శ్యాంసుందర్ అనుకున్నాడు. నవ్వబోయాడు గానీ మూతి సరిగా తిరగలేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ప్రసన్నలక్ష్మి.

"ఏమండీ, కెమెరా నచ్చిందా? అన్నట్టు ఆ పీఆర్ కాగితం, మన పాస్‌పోర్టు జిరాక్సులు బ్యాగులోనే ఉన్నాయి కదా? నలపకండి."

బ్యాగులో తన పేరు, ఫోటో, చిరునామా, పుట్టుమచ్చలతో సహా ఉన్నాయి. ఒప్పుకున్నా దొరుకుతాడు, ఒప్పుకోకపోయినా దొరుకుతాడు. దాక్కుని దొరికినవాడికి ఇంకా పెద్ద శిక్ష.

"ఏమండీ, పలకరేం? ఎక్కడున్నారు?"

"లక్ష్మీ," అన్నాడు శ్యాంసుందర్, "నువ్వు మంచిదానివి." ఫోను పెట్టేశాడు. ట్రే తీసుకెళ్ళి విశ్వేశ్వరరావు చేతిలో పెట్టాడు. చేతులు పైకెత్తి, టేపు దగ్గరికి నడిచాడు. "సార్! అయామ్ సారీ! మై బ్యాగ్! ఓన్లీ కెమెరా, సార్! టూ లెన్స్, ఓల్డ్ జపాన్! గిర్రుమన్నా భయపడొద్దు!" చివరి మాట తెలుగులో వచ్చేసింది.

పోలీసు కుర్రాడు కోప్పడలేదు. లోపల ఏమేమున్నాయో మళ్ళీ అడిగి, రేడియోలో ఎవరితోనో మాట్లాడి, బ్యాగు అతని చేతనే తెరిపించాడు. శ్యాంసుందర్ జిప్పు లాగాడు. లోపల తువ్వాలు లేదు. కెమెరా లేదు. ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా, నీలం రంగు ఫైలు ఉన్నాయి.

"ఇది నాది కాదు," అన్నాడతను నీరసంగా.

"ఇప్పుడేగా నీదన్నావు?" అని పోలీసు ఇంగ్లీషులో అడిగాడు. కోపం ఇప్పుడొచ్చింది.

తనది కాని బ్యాగును పోలీసుల ముందు తనదని చెప్పినవాడికి ఈ దేశంలో ఏ శిక్ష వేస్తారో అతనికి తెలీదు. విమానం టికెట్టు మాత్రం కళ్ళ ముందు కనిపించింది. పోలీసు ఫైలు తెరిచి మొదటి కాగితం చూశాడు. వీళ్ళ కంపెనీకి బద్ధశత్రువైన ఇంకో కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు ఉత్తరం అది. జీతం అంకె కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

"హూ ఈజ్ విశ్వేశ్వరరావు?"

శ్యాంసుందర్ వెనక్కి తిరిగాడు. మేనేజరు రెండు చేతులా బిర్యానీ ట్రే పట్టుకుని, పాలిపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు. చీనా ఆంటీ నూడుల్స్ తినడం ఆపింది.

"నాదే," అన్నాడు విశ్వేశ్వరరావు తెలుగులో, మళ్ళీ ఇంగ్లీషులో. ఆఖరి ఇంటర్వ్యూ ముగించుకుని, ఉద్యోగపు ఉత్తరం పుచ్చుకుని, కాఫీ తాగి, బ్యాగు టేబులు కింద పెట్టి బాత్రూముకు వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి టేపు కట్టి ఉంది. తీరా ఒప్పుకుందామనుకుంటే పక్కనే తన టీములోని మనిషి, తనని చూసేశాడేమోనని ముందు తానే పలకరించాడట.

పోలీసులు ఇద్దరి పేర్లూ రాసుకుని, బ్యాగులు వదిలి తిరగొద్దని గట్టిగా చీవాట్లు పెట్టి, టేపు విప్పేశారు. ఆఫీసులకు ఫోను చేసే తీరిక వాళ్ళకు లేదు. స్తంభానికి అవతలి వైపు మరో గుండ్రటి టేబులు మీద శ్యాంసుందర్ బ్యాగు పెట్టినచోటే ఉంది. టేబులు కింద బ్యాగంటే అనుమానం, మీద బ్యాగంటే చోప్. చుట్టూ ఆరుగురు నిలబడే అన్నం తింటున్నారు గానీ, ఆ నాలుగు కుర్చీల్లో ఒక్కరూ కూర్చోలేదు. అతను తువ్వాలు విప్పి కెమెరాను చూసుకుని, సిగ్గు లేకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. విశ్వేశ్వరరావు ట్రేను ఇద్దరి మధ్యకీ జరిపాడు.

"శ్యాం, నువ్వు ఇవాళ ఇంట్లో పడుకుని ఉన్నావ్."

"మీరు జురాంగ్ ఐలాండ్‌లో ఉన్నారు సార్."

"ఆ కాగితమేదో ఉందన్నావు, తెచ్చావా?"

మూడు వారాలు కదలని పెన్ను మూడు క్షణాల్లో బయటికొచ్చింది. విశ్వేశ్వరరావు సంతకం చేసి, కింద తేదీ వేసి, బిర్యానీ సగం తానే తిన్నాడు. ఆ సాయంత్రం జురాంగ్ వెస్ట్ రైల్లో శ్యాంసుందర్ బ్యాగును ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో కావలించుకుని కూర్చున్నాడు. ఐదు నెలల్లో మొదటిసారి అతనికి ప్రపంచం మంచిదనిపించింది.

సోమవారం పొద్దున్నే కంపెనీ ముద్ర వేయించుకోవడానికి కాగితం పట్టుకుని హెచ్ఆర్ హైమావతి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ సంతకం చూసింది, తేదీ చూసింది, కళ్ళజోడు తీసింది.

"ఇది చెల్లదు శ్యాం. విశ్వేశ్వరరావుగారు శుక్రవారం సాయంత్రమే రాజీనామా మెయిల్ పంపేశారు. ఆ తేదీ వేసి చేసిన సంతకాలేవీ లెక్కలోకి రావు. కొత్త మేనేజరు చేతనే పెట్టించుకోవాలి."

"ఆయన ఎప్పుడొస్తారు మేడమ్?"

"వచ్చేశారు, పక్క టీము ఆయనే, లోపలే ఉన్నారు. ఈ మూడు నెలల్లో పెట్టిన ఎంసీలన్నీ తీసుకురమ్మన్నారు, శుక్రవారం మీరు పెట్టినదే అన్నిటికంటే పైన పెట్టాను."