చేతుల స్టాండు

కాకినాడలో పేరున్న ఆ స్కూల్లో, సంతోషమొస్తే గాల్లో ఆడే చేతులున్న పిల్లలు పొద్దున్నే వాటిని గేటు పక్క స్టాండులో అప్పజెప్పి, టోకెను తీసుకుని క్లాసుకి వెళ్ళాలి. గుడి బయట చెప్పుల స్టాండు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మణికట్టు దగ్గర ఎడమవైపు తిప్పితే చేతులు ఊడివస్తాయి. నొప్పేమీ ఉండదని సర్క్యులర్‌లో రాశారు. రాత పీరియడ్‌కి ఆయా పళ్ళెంలో పెట్టి తెచ్చిస్తుంది, అవగానే పట్టుకుపోతుంది. గంట గణగణ మోగినప్పుడు ఆ పిల్లలు చెవులు దేంతో మూసుకోవాలో మాత్రం రాయలేదు. రాసినవాళ్ళ చెవులకి ఏ బాధా లేదు కదా, వాళ్ళకెందుకు తడుతుంది?

హైమ కూతురు తన్మయికి ఏడేళ్ళు. ఆటిజం ఉందని డాక్టరు చెప్పాడు. ఎవరి కళ్ళలోకీ చూడదు. సొంత మాటలకన్నా రైల్వే స్టేషన్లో విన్న మైకు మాటలే ఎక్కువ మాట్లాడుతుంది. ఫ్యాను తిరగడం మొదలైతే చాలు, రెండు చేతులూ భుజాల పక్కన రెపరెపలాడతాయి. అది చూస్తే హైమకి కడుపు నిండిపోతుంది. కానీ "అడ్మిషన్ కావాలా, చేతులు కావాలా?" అని ప్రిన్సిపాల్ శకుంతల అడిగిన రోజు ఆమె అడ్మిషనే కావాలంది. అప్పటికే ఊళ్ళో మిగతా స్కూళ్ళన్నీ పిల్లని గుమ్మంలోంచే పంపేశాయి. ఏం చేస్తుంది మరి?

మొన్న శుక్రవారం స్టాండులో చేతులు తారుమారయ్యాయి. ఇంటికొచ్చాక ఫ్యాను వేస్తే తన్మయి తలెత్తి చూసి నవ్వింది గానీ, చేతులు ఒళ్ళో బుద్ధిగా కూర్చున్నాయి. గోళ్ళకి ఎవరో వేసిన గులాబీ రంగు ఉంది. అవి స్టాండులో చాన్నాళ్ళు పడుండి, ఆడటం మానేసిన చేతులు. తన్మయి వాటిని ఒంటికి దూరంగా పట్టుకుని, "అసౌకర్యానికి చింతిస్తున్నాము," అంది. అన్నం ముందూ అదే మాట, అన్నం తర్వాతా అదే మాట.

"పోన్లేవే, మంచి చేతులే వచ్చాయి," అన్నాడు భర్త కామేశ్వర్. "నమస్కారం కూడా పెడుతున్నాయి చూడు. ఎవరైనా చూస్తే అసలు ఏమీ లేదనుకుంటారు."

"ఏమీ లేదనుకోవడానికా నేను కన్నది?" అని హైమ కయ్యిమంది.

సోమవారం స్టాండు కాసే అప్పలకొండ టోకెను చూసి పెదవి విరిచాడు. "మీయి ఎవరో పట్టుకుపోయారమ్మా. ఉన్నవాటిలో మంచివి చూసుకోండి. అందరూ అంతే చేత్తారు."

హైమ అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. అరల నిండా పేర్లు రాసిన గుడ్డసంచులు. మూల ఒక గోనెసంచి కదులుతోంది. మూతి విప్పితే తన్మయి చేతులు! సంచిలోనూ రెపరెపలాడుతున్నాయి.

"ఆడటం మానేదాకా బయటికివ్వొద్దని మేడమ్ గారి ఆర్డరమ్మా," అని నసిగాడు అప్పలకొండ.

పై అరలో రంగు వెలిసిన సంచి ఒకటి సన్నగా వణుకుతోంది. దానిమీద 'బి. శకుంతల, నాలుగో తరగతి' అని ఉంది. "అయ్యి మేడమ్ గారివే. రిటైరయ్యాక పట్టుకెళ్తానన్నారు," అన్నాడతను.

హైమ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టింది. సిగ్గుందా మీకు అంది. పసిపిల్ల సంతోషం మీకేం అడ్డొచ్చిందని అడిగింది. శకుంతల తగిలించుకున్న చేతులు బల్లమీద ఒకదానిమీద ఒకటి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంతా విని, "ఇక్కడ చదివినవాళ్ళెవరూ చెడిపోలేదమ్మా. నేను లేనూ?" అంది. "మీ పాప చేతులు తీసుకెళ్ళండి. రేపు మాత్రం స్టాండులో పెట్టాకే క్లాసుకి పంపండి. ఇష్టం లేకపోతే టీసీ ఇస్తాను."

టీసీ తీసుకుని హైమ ఎక్కడికి పోతుంది?

గుడికెళ్ళేవాళ్ళు చెప్పులు పోకుండా ఒకటి ఇక్కడా, ఇంకోటి దూరంగా అక్కడా విడుస్తారు. మర్నాడు హైమ ఆ పనే చేసింది. తన్మయి రాసే కుడిచెయ్యి స్టాండులో ఇచ్చింది. ఎడమది తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, తను పనిచేసే బ్యాంకుకి వెళ్ళి కౌంటర్లో కూర్చుంది. రెండోదేదని అప్పలకొండ అడిగితే ఇంట్లో మర్చిపోయామంది. అతను సరేనన్నాడు, కనబడకపోతే చాలు వాళ్ళకి.

కాసేపటికి బ్యాగులో రెపరెప మొదలైంది. అక్కడ క్లాసులో ఎవరో ఫ్యాను వేసినట్టున్నారు. హైమ డబ్బు లెక్కపెడుతూ తనలో తను నవ్వుకుంది. తర్వాత ఇంటర్వెల్ గంట వేళయింది. బ్యాగులో చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడి, ముడుచుకుని, దువ్వెన మీదా, టిఫిను డబ్బా మీదా తడుముకుంటూ చెవికోసం వెతకసాగింది. హైమ బ్యాగులో చెయ్యి పెట్టి దాన్ని గట్టిగా పట్టుకుంది.

పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయన కౌంటర్ మీదికి వంగి చూశాడు. "ఏంటమ్మా అది, కొట్టుకుంటోంది?"

"ఫోనండీ. వైబ్రేషన్‌లో ఉంది."

"సైలెంట్‌లో పెట్టేయొచ్చు కదమ్మా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"పెడతానండీ," అని, హైమ తర్వాతి టోకెను పిలిచింది.