తాడు మీద మర్యాద

తాగుబోతు మొగుళ్ళతో వేగే ఆడవాళ్ళున్నారు, పిసినారి మొగుళ్ళతో వేగేవాళ్ళున్నారు. ఊళ్ళో వాళ్ళమీద అందరికీ జాలే. మర్యాదస్తుడైన మొగుడితో వేగే నాలాంటిదాన్ని మాత్రం ఓదార్చే నాథుడు లేడు.

మా ఆయన దెజో మా పిల్లిని కూడా 'మీరు' అంటాడు. "చిర్మోష్ గారూ, తమరు నా కుర్చీలో కూర్చున్నట్టున్నారు" అని విన్నవించి, అది లేచేదాకా పక్కన నిలబడతాడు. అది లేవదు. మర్యాదకు మరిగిన పిల్లి.

ఇదంతా ఉద్యోగం అంటించిన జబ్బు. రిటైరయ్యేదాకా బీమా కంపెనీలో కూర్చుని పాలసీల్లో షరతులు రాశాడు. అతను రాసిన వాక్యం చదవడం మొదలుపెట్టినవాడు చివర క్రియ దగ్గరికి చేరేసరికి ఇల్లు తగలబడి బూడిద కూడా చల్లారేది.

పిల్లితో ఎలా మాట్లాడినా నాకు పేచీ లేదు. పేచీ అల్లుడి దగ్గర వచ్చింది.

మా అల్లుడు బర్నా పళ్ళ డాక్టరు. జనం నోళ్ళు తెరిపించడమే అతని వృత్తి. అయినా మా ఆయన నోట్లోంచి ఒక్క 'నువ్వు' పీకలేకపోయాడు.

మా దగ్గర ఈ విషయంలో చిన్నవాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు. పెద్దవాళ్ళు గ్లాసెత్తి, ఇకనుంచి నువ్వూ నువ్వూ అనుకుందాం అనాలి. చేతిలో చెయ్యి మెలేసి ఇద్దరూ తాగాలి. అలా ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు, అనకముందు తొందరపడటమూ లేదు. నేనైతే బర్నా వచ్చిన మొదటి చలికాలంలోనే, ఇద్దరం బంగాళాదుంపల తొక్కు తీస్తుండగా ఆ పని కానిచ్చేశాను. దెజో కానివ్వలేదు. ఎందుకంటే మా రేకాను బర్నా కలిసింది తాళ్ళు కట్టుకుని కొండ బండలెక్కే చోట. మొదటిసారి మా అమ్మాయిని ఇంట్లో దింపినప్పుడు దాని గడ్డం గీరుకుపోయి ఉంది. ఒక్కగానొక్క కూతుర్ని దారానికి కట్టి వేలాడదీసే మనిషికి నువ్వు అనే చనువా? ఆ రోజు నుంచీ అతను 'డాక్టర్ గారు'.

ఆదివారం భోజనాలు రెండు దేశాల రాయబారులు కలిసినట్టు జరిగేవి. ఉప్పు ఇటు అందించగలరా డాక్టర్ గారూ అని ఒకరు, సంతోషంగా దెజో గారూ అని ఇంకొకరు. మధ్యలో రేకా, నేనూ సూపు జుర్రుకోవడానికి కూడా మొహమాటపడేవాళ్ళం.

మొన్న వేసవిలో రేకా నెల తప్పింది. ఒకరోజు నాకు గిన్నెలు తుడిచిపెడుతూ, "అమ్మా, వీళ్ళిద్దరి మాటలు వింటే పుట్టేవాడు మనం ఎవరింట్లో అద్దెకుంటున్నాం అని అడుగుతాడు" అంది. నవ్వుతూనే అంది. తుడిచిన గిన్నె అరలో పెట్టి, ఇకనుంచి నెలకొక్క ఆదివారం వస్తే చాలదా అని బర్నా అడిగాడని చెప్పింది. ఎన్నేళ్ళొచ్చినా ఈ ఇంట్లో తను చుట్టమేనట. అది చెప్పినప్పుడు నవ్వలేదు.

నెలకొక్క ఆదివారమంటే, రేపు మనవడు కూడా నెలకొక్క ఆదివారమే. నాకు నిద్ర పట్టలేదు. అందుకని పథకం పట్టింది.

కొండెక్కేవాళ్ళలో ఒక పాత ఆచారం ఉంది. తాడు కట్టుకున్నాక ఎవరైనా నువ్వే. జడ్జి అయినా, బిషప్ అయినా, తాడు మీద "లాగు", "వదులు", "పట్టుకో" అంతే. బర్నా వాళ్ళ కొండెక్కేవాళ్ళ క్లబ్బుకి ఆ మధ్య ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, కొండెక్కేటప్పుడు వాడే మాటలన్నీ అందులో ఉన్నాయి. దాన్ని మా భాషలో పెట్టేవాళ్ళు దొరకలేదు. ఆ పుస్తకం పట్టుకొచ్చి మీ మామగారి ఒళ్ళో పెట్టు అని బర్నాకు చెప్పాను. రోజంతా నువ్వు నువ్వు అని రాసే చేతికి తెలియకుండానే నోరు కూడా తిరుగుతుందని నా ఆశ.

దెజో పొంగిపోయాడు. వంటింటి బల్ల మీద నా పిండి చెక్క జరిపి నిఘంటువు పరిచాడు. మొదటి మాట బిలే. కింద నిలబడి తాడు పట్టుకుని, పైకెక్కేవాడు పడకుండా చూడటం. దానికి మా భాషలో ఉన్న మాట, బీమాకు వాడే మాట ఒకటే. "చూశావా ఎతెల్కా, ఇది నా శాఖే" అని మీసం దువ్వుకున్నాడు.

అక్కడే నా పథకానికి చిల్లు పడింది. ఇంగ్లీషువాడు ఒక్క ముక్క అని ఊరుకుంటాడు. అది మీరో నువ్వో చెప్పడు. ఆ సందులోంచి దెజో దర్జాగా దూరిపోయాడు.

ఇంగ్లీషులో "క్లైంబింగ్" అని ఒక్క మాట. దెజో చేతిలో అది "తమరి అనుమతితో ఆరోహణ ప్రారంభించుచున్నాను" అయింది. "స్లాక్" అంటే తాడు వదులు చెయ్యమని. అది "తాడును ఒకింత వదులు చేయవలసినదిగా సవినయముగా మనవి" అయింది. "ఆఫ్ బిలే" అని ఇంకోటుంది, ఇక నన్ను పట్టుకోనక్కర్లేదని. దానికి "తమరి సంరక్షణ ఇంతటితో ముగిసినది, కృతజ్ఞతలు" అని రాసి, కింద గీత గీశాడు.

"ఇదంతా చెప్పేలోపు మనిషి కింద పడతాడు" అన్నాను.

"పడితే మర్యాదగా పడతాడు."

పరీక్షించి చూద్దామన్నాను. సామాన్ల గది పై అరలో ప్లమ్ జామ్ సీసాలున్నాయి. బట్టలారేసే తాడు అతని నడుముకు కట్టి రెండో కొస నేను పట్టుకున్నాను. దెజో ముక్కాలిపీట ఎక్కి, సీసా అందుకుని, "తాడును ఒకింత" అన్నాడు. పీట ఊగింది. నేను గుణవంతురాలైన భార్యను, భర్త మాట పూర్తికాకుండా ఏ పనీ చెయ్యను. "వదులు చేయవలసినదిగా" దగ్గర అతని చెయ్యి అర మీద పడింది, "సవినయముగా" దగ్గర అర అతని మీద పడింది. మనవి నేల మీద చేసుకున్నాడు, ఆ ఏటి జామ్ మధ్యలో కూర్చుని. చిర్మోష్ వచ్చి అతని మోకాలు నాకుతుంటే, దయచేసి పక్కకు జరగగలరా అని అడిగాడు.

తప్పు పీటదని తేల్చాడు.

ఆదివారం బర్నా ఆ కాగితాలు చదివాడు. చదువుతున్నంతసేపూ, లోపల పన్ను విరిగిన రోగి నోట్లోకి చూస్తున్నట్టే ఉంది అతని ముఖం. చాలా బాగుందండీ, కాకపోతే బండ మీద పిలుపులు పొట్టిగా ఉండాలండీ, అక్కడందరూ ఒకరినొకరు... అని ఆగిపోయాడు. ఆ పై మాట చిన్నవాడు అనకూడదు.

కొంత ఎత్తుకెళితే గాలిలాగే మర్యాద కూడా పల్చబడుతుందా డాక్టర్ గారూ అని మా ఆయన అడిగాడు. పల్చబడదని తనే ఎక్కి చూపిస్తానన్నాడు. అల్లుడు కాదనలేడు, కూతురు వద్దన్నా వినలేదు. నేను నోరు మూసుకున్నాను. పథకం నాది కదా, ఎక్కడ తేలుతుందో చూద్దామని.

తేలింది ఒసోయ్ బండ మీద. అది మా చొబాంకా ఊరి నెత్తినే ఉంటుంది. శనివారం క్లబ్బు జనమంతా కింద మంట వేసి, పుల్లలకు గుచ్చి పంది కొవ్వు కాల్చుకుంటున్నారు. క్లబ్బు పెద్ద అర్పాద్‌ను అందరూ కొండమేక అంటారు, గడ్డం చూసి. పిల్లలకు నేర్పే సులువైన దారినే దెజోను ఎక్కించారు. అతని నడుము నుంచి తాడు పైన బండకు దిగ్గొట్టిన కడియంలోంచి తిరిగి, కింద బర్నా చేతిలోకి వచ్చింది.

నిజం చెప్పాలి, బాగానే ఎక్కాడు. ప్రతి అడుగుకూ మనవి, ప్రతి మనవికీ కింద నుంచి బర్నా పూర్తి పాఠంలో జవాబు. తమరి ఆరోహణకు నా అనుమతి కలదు దెజో గారూ. జనం నవ్వాపుకోలేక కొవ్వు మాడ్చుకున్నారు. పైన కడియం పక్కన వాలుగా ఒక అరుగు ఉంది, నిండా ఎండుటాకులు. దెజో దానిమీద కూర్చుని, మా ఇంటి పొగగొట్టం కేసి చూసుకుని, సభలో లాగా చెయ్యెత్తాడు.

"డాక్టర్ గారూ, తమరి సంరక్షణలో సురక్షితముగా గమ్యమును చేరుకొన్నవాడనై, తమరి సహనమునకు సర్వదా ఋణపడియుండువాడనై..."

చేతులు నడుము దగ్గరికి వెళ్ళాయి. చొక్కా సర్దుకుంటున్నాడనుకున్నాను. 'సంరక్షణ ముగిసినది' అన్న ఆ చివరి మాట అనేముందు మనిషి తనను తాను బండకు కట్టుకోవాలట. అది పుస్తకంలో లేదు, ఎక్కేవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి. మా ఆయన మాత్రం చుట్టాలింటికి చేరగానే కోటు విప్పినట్టు, ముడి విప్పుతున్నాడు.

"విప్పకు."

బర్నా గొంతేనని నాకు వెంటనే తెలియలేదు.

"దెజో, చేతులు తియ్యి. ఆ ముడి ముట్టుకోకు. వెనక్కి జరిగి బండకు ఆనుకో. కదలకు, నేనొస్తున్నా."

ఎవరూ నవ్వలేదు. పైన మా ఆయన దొరికిపోయిన దొంగలా రెండు చేతులూ ఎత్తి కూర్చున్నాడు. వాళ్ళమ్మ పోయాక అతనిమీద అలా అరిచినవాళ్ళు లేరు. రేకా నా చెయ్యి పట్టుకుంది. బర్నా తాడు అర్పాద్ చేతికిచ్చి, వెనక కాలిబాటన పరిగెత్తాడు. కాసేపటికి అరుగు మీద ఇద్దరూ పక్కపక్కన కనిపించారు. బర్నా తలొంచుకుని ఆ ముడి వేస్తున్నాడు. వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నాడు.

కిందకు దిగాక వాళ్ళిద్దరూ మళ్ళీ దెజో గారూ, డాక్టర్ గారూ. ఇంటికొచ్చేదాకా కారులో అంతే. నా పథకం బండ మీద కాసేపు బతికి చచ్చిందనుకున్నాను.

ఆ సాయంత్రం దెజో కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడ్డాడు. పైన ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బర్నా క్షమాపణ అడిగాడట, నోరు జారిందండీ, మిమ్మల్ని అలా అనకూడదు అని. "వాడి చేతులు వణుకుతున్నాయి ఎతెల్కా. పళ్ళు పీకే చేతులు. వణకకూడని చేతులు." దానికి తను, పర్వాలేదు డాక్టర్ గారూ అన్నాడట. "ఆ పూట కూడా అదే వచ్చింది నోటికి."

అని, కుర్చీ దగ్గరికి వెళ్ళి పిల్లితో "జరుగు" అన్నాడు. చిర్మోష్ ఆ దెబ్బకు లేచి జరిగింది.

మర్నాడు ఆదివారం. నేను సూపు వడ్డించేసరికి దెజో రెండు చిన్న గ్లాసుల్లో పలింకా, అదే మా ఆప్రికాట్ సారా, పోసి లేచి నిలబడ్డాడు. బర్నా కూడా లేచాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

"డాక్టర్ గారూ," మొదలుపెట్టాడు మా ఆయన, "నిన్నటి సంఘటనను, అంతకుపూర్వము గడచిన కాలమును కూడ దృష్టియందుంచుకొని, ఇరుపక్షముల నడుమగల సంబంధముల విషయమై..."

రేకా కళ్ళు మూసుకుంది. బర్నా ఓపిగ్గా క్రియ కోసం ఎదురుచూస్తున్నాడు.

"దెజో," అన్నాను, "సూపు చల్లారుతోంది."

ఆగాడు. గ్లాసులోకి చూశాడు.

"బర్నా," అన్నాడు. ఆ పేరు అతని నోట వినడం అదే మొదలు. "నన్ను నువ్వు అను."

చేతులు మెలేశారు, తాగారు. బర్నాకు దగ్గొచ్చింది. నిన్న ఊరంతా వినేలా అరిచిన మనిషి ఇవాళ ఆ మాట కోసం తంటాలు పడ్డాడు. "మీకు... నీ... సూపు... వేసుకోండి... వేసుకో" అన్నాడు. రేకా నవ్వుతోందో ఏడుస్తోందో నేనటు చూడలేదు, నాకు గరిటెతో పనుంది.

దెజో కూర్చుని, రుమాలు ఒళ్ళో పరుచుకున్నాడు. చాలాసేపు దాని మడతలు సరిచేశాడు.

"మా అమ్మాయిని తాడుకు కట్టావని నీమీద కోపం పెట్టుకున్నాను," అన్నాడు. "ఆ తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉందో నిన్నటిదాకా చూడలేదు. తప్పు నాది, బర్నా."