రూల్‌వింక్‌ని చంపిందెవరు

“ఈ ఖండంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లూ, నేను పుట్టకముందే పోయినవాళ్లూ.”

డెవెంటర్ ఊళ్లో ఈ మాట తరచూ వినబడేది, అనేవాడు లుబ్బర్ట్ ఒక్కడే అయినా. అప్పటిదాకా ఆ మహానుభావుడు ఛేదించిన ఏకైక కేసు తన గొడుగుది. అది తన చంకలోనే దొరికింది.

ఈ గొప్పలు వినక తప్పని మనిషి అతని తమ్ముడి భార్య ఫెన్నా. పాత పుస్తకాల కొట్టు ఆమెది. ఎస్. రూల్‌వింక్ రాసిన చదరంగం పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయాలని ఆమె కోరిక. నాన్న ఆమెకు ఆట నేర్పింది దాంతోనే. ఇప్పుడు నాన్న లేడు, ఆయన పుస్తకంలో సగం పేజీలూ లేవు. రాసినాయన పోయి డెబ్బై ఏళ్లు దాటితే తప్ప అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. ఆయన ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు, ప్రచురించిన సంస్థ ఎప్పుడో మూతబడింది. రూల్‌వింక్‌గారి వారసులుంటే దయచేసి లోపలికి రండని కొట్టు అద్దానికి కాగితం అంటించింది. ఎవరూ రాలేదు. ఆగస్టు పుస్తకాల సంత దగ్గరపడింది, ఆమెకు దిగులు పట్టుకుంది.

పిలవకుండానే లుబ్బర్ట్ రంగంలోకి దిగాడు. “వారసుల్లేరు, చావు కబురూ లేదు. అంటే చంపేశారు. హక్కుల కోసం.”

“అచ్చులో లేని చదరంగం పుస్తకం హక్కుల కోసం ఎవరూ ఈగను కూడా చంపరు, బావగారూ.”

బావగారు వింటేగా. మర్నాటికల్లా హంతకురాలిని పట్టేశాడు. కొట్టుకెదురుగా ఉన్న కాఫీ హోటల్లో రోజూ చదరంగం ఆడే స్టీన్ మామ్మ. పుస్తకం ముట్టకుండానే అందులోని ఎత్తులన్నీ వరసగా వేసేస్తోందట. దొంగ సొత్తు బుర్రలో దాచుకుందట. పెద్దావిడను నలుగురిలో ఏం అంటాడోనని ఫెన్నా కూడా వెంట వెళ్లింది.

లుబ్బర్ట్ మారువేషంలో వచ్చాడు. అంటే పెట్టుడు మీసం. మామ్మ ఎదుట కూర్చుని ఎలాగో నాలుగు ఎత్తులు వేశాడు. కాఫీ ఆవిరికి జిగురు కరిగి మీసం కప్పులో పడింది. మామ్మ దాన్ని చెంచాతో తీసి సాసరులో పెట్టి, ఆట మీద దృష్టి పెట్టమంది. అయినా అతను పట్టు విడవక, రహస్యం అక్కడే ఉందన్నట్టు తన గుర్రాన్ని ఎత్తి కడుపు కింద చూశాడు.

“ముట్టుకున్నావు. దాన్నే కదపాలి.”

“నేను ఊరికే చూస్తున్నా.”

“చూడ్డానికి కళ్లున్నాయి. చెయ్యి పడితే కదపాల్సిందే, నాయనా.”

చుట్టూ ఉన్న ముసలాళ్లంతా తలలూపారు. ఆ ఊళ్లో హంతకుడికైనా క్షమాపణ ఉందిగానీ, ముట్టిన పావు కదపనివాడికి లేదు. లుబ్బర్ట్ దాన్ని తోచిన గడిలో పెట్టేశాడు. మామ్మ బంటు ఒకటి జరిపి ఆట కట్టించి, పడీపడీ నవ్వింది.

“పూర్వం ఓ పళ్ల డాక్టరు అచ్చం ఇక్కడే పెట్టాడు. ఆ ఎత్తు బొమ్మ గీసి, దాని కింద ‘గుర్రానికి బుద్ధుంది, ఎక్కినవాడికే లేదు’ అని రాశాను.”

ఫెన్నా చప్పున ముందుకు వంగింది. తనను ఓడించినప్పుడల్లా నాన్న అనే మాట అది.

“రాశారా? మీరా, మామ్మగారూ?”

“స్టీన్ రూల్‌వింక్. ఆడపేరు చూస్తే కొనరని ప్రచురించినాయన ఎస్. అని సరిపెట్టాడు. పెళ్లయ్యాక ఇంటిపేరూ మారింది.”

“మరి నా కాగితం చూడలేదా?”

“రోజూ చూస్తున్నా. వారసులను రమ్మన్నావు. నేనింకా చావలేదుగా, తల్లీ.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందే తన పనీ అని ఫెన్నా సిగ్గుపడింది. ఆ పైన ఏడుపూ వచ్చింది. మామ్మ అక్కడికక్కడే అనుమతి ఇచ్చింది, ఈ ఆట కూడా కొత్త ముద్రణలో చేర్చాలన్న షరతు మీద.

లుబ్బర్ట్ లేచి కోటు సవరించుకున్నాడు. కేసు ఛేదించింది తానే, ఎత్తు వేసిందీ తానే కాబట్టి దాని హక్కులు తనవేనన్నాడు.

“ఎత్తులు ఎవరి సొత్తూ కావు, నాయనా. వాటి మీద రాసిన మాటలే సొత్తు. నీ మీద రాయబోయేది పూర్తిగా నాది.”

పుస్తకం సంతకు అందింది. పళ్ల డాక్టరు పక్క పేజీలోనే లుబ్బర్ట్ ఉన్నాడు. కింద ఒకటే వాక్యం. ‘ఈసారి ఎక్కినవాడికి మీసం కూడా లేదు.’