కంచుగారి సొంత గొంతు

శనివారం సాయంత్రం ఆరున్నరకు, పాత నాటకశాలలో, ప్రేక్షకులు కంచుగారి పాటను పల్లవి దగ్గరే ఆపించి, సొంత గొంతుతో పాడమని కోరారు. ఆయన అప్పటిదాకా సొంత గొంతుతోనే పాడుతున్నాడు.

కంచు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. సంగీత నాటకాలు వేసే రోజుల్లో ఆయన పాట మైకు లేకుండా చివరి వరసకు వినిపించేది. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు పాట వింటూ బస్సు వదిలేసుకునేవారు. టికెట్టు మాత్రం కొనేవారు కాదు.

తర్వాత ఆయన్ను టెలివిజన్ గుర్తించింది. సీరియల్లో తండ్రి వేషం. మొదటిరోజు "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు" అన్న మాటకు సౌండు చూసే అతను చెవులకున్నవి తీసి పక్కన పెట్టాడు.

"గురువుగారూ, ఎవరిని పిలుస్తున్నారు?"

"కూతుర్ని."

"ఆవిడ మీ పక్కనే ఉందండీ. మీరు పక్క ఊరివాళ్ళని లేపుతున్నారు."

ఆయన అలవాటు మాన్పించడం కంటే గొంతు మార్చడం తేలికని దర్శకుడు తేల్చాడు. డబ్బింగుకు ఒకాయన్ని పెట్టారు. ఆయనది జలుబు చేసిన గొంతు. కంచుగారికి మిగిలింది తల. ఎవరు ఏ వార్త చెప్పినా తల తిప్పాలి. దాన్ని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తారు. తల తిప్పడాన్ని ఆయన కళ స్థాయికి తీసుకువెళ్ళాడని పత్రికలు రాశాయి.

సీరియల్ మొదలైన ఆరో ఏట ఆయనకు ఉత్తమ గాత్ర పురస్కారం వచ్చింది. "ఈ గొంతు జాతి సొత్తు! దీన్ని కాపాడుకోవడం మన కర్తవ్యం!" అని సభాధ్యక్షుడు ప్రకటించాడు. సభ ప్రసారమైనప్పుడు, కంచుగారు చెప్పిన కృతజ్ఞతలకు కూడా డబ్బింగు చెప్పించారు.

ఆ వారమే అత్తగారు ఫోను చేస్తే ఆయన ఎత్తాడు.

"ఎవరయ్యా నువ్వు? మా అల్లుడి గొంతు నాకు తెలీదా? ఆరేళ్ళుగా రోజూ వింటున్నా" అని పెట్టేసింది.

ఆ ఫోను తర్వాత ఆయనకు ఒక కోరిక పుట్టింది. పోయేలోగా ఒక్క పాట, పాత నాటకశాలలో, తన గొంతుతో పాడాలి. స్నానాల గదిలో సాధన మొదలుపెట్టాడు. టీవీ సౌండు తగ్గించుకోమని పై అంతస్తువాళ్ళు కబురు పంపారు.

"ఇప్పుడెందుకండీ ఈ గోల? మీ ముఖం చూస్తే చాలంటున్నారుగా జనం" అంది భార్య. ఆయన నాటకాలకు దుస్తులు కుట్టింది ఆవిడే.

"నన్ను వాళ్ళు విని ఎన్నాళ్ళయిందే?"

ఆవిడ పాత కోటు తీసి నడుము దగ్గర వదులు చేసింది.

శనివారం హాలు నిండింది. "కళారంగపు మణిదీపం నేడు స్వగృహానికి విచ్చేసింది" అని నాటకశాల కార్యదర్శి స్వాగతం పలికాడు. కంచుగారు పల్లవి ఎత్తుకున్నాడు. చివరి వరసకు వినిపించింది. ముందు లేచింది చివరి వరసవాళ్ళే.

"ఎవడిదో గొంతు పెట్టారయ్యా! మోసం!"

"పోనీలెండి, పెదాలు బానే కలుపుతున్నాడు పాపం" అని ముందు వరసావిడ సర్దిచెప్పింది.

సాంకేతిక లోపానికి చింతిస్తున్నామని కార్యదర్శి ప్రకటించాడు. పాసు మీద వచ్చి కూర్చున్న జలుబు గొంతాయన్ని మైకుతో సహా తెర వెనక్కి చేర్చారు.

"నాకు పాట రాదండీ."

"చదవండి చాలు."

ఆయన చదివాడు. కంచుగారు పెదాలు కదిపి, చివర్లో మూడుసార్లు తల తిప్పాడు. హాలంతా లేచి నిలబడింది. గొంతంటే ఇదీ అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

దుస్తులు సర్దడానికి భార్య ఉండిపోయింది. కంచుగారు ఒక్కడే ఇంటికి వచ్చి తలుపు తట్టాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళు నాటకశాలకు వెళ్ళాక ఊరినుంచి దిగిన అత్తగారు, పక్కింట్లో తాళంచెవి తీసుకుని, లోపల సీరియల్ చూస్తోంది.

"ఎవరూ?"

"నేనేనండీ. తలుపు తీయండి."

"నేనంటే ఎవరయ్యా? ఇంట్లో ఎవరూ లేరు, తర్వాత రా."

ఆయన రెండు వేళ్ళతో ముక్కు నొక్కి పట్టుకుని, "నేనేనండీ" అన్నాడు.

తలుపు తెరుచుకుంది.