కంప్యూటర్ మీది పొట్లం

శనివారం పొద్దున్న త్సెంగ్ వెన్‌బిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సోయా పాలు తాగి, గుడ్డు రొట్టె తిని, బజారుకెళ్లి ఒక హార్డ్‌డిస్కు కొని, పాత కంప్యూటర్లోని ఇంటి ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, మధ్యాహ్నం ఒక కునుకు తీయడం. మర్నాడు తండ్రి తియెన్‌లాయ్ ఎనభయ్యో పుట్టినరోజు విందు. హోటల్లో ఫోటోలు చూపించడానికి పెద్ద తెర కూడా మాట్లాడి ఉంచాడు. ఇంత చిన్న పథకం చెడిపోవడానికి ఎక్కడా సందు లేదని అతని నమ్మకం.

ఆ ఫోటోల్లో పెద్దాయనకు కావలసింది ఒక్కటే. కొన్నేళ్ల కింద పోయిన భార్య, నాన్‌ల్యావ్ రేవులో గాలికి టోపీ ఎగిరిపోతుంటే పట్టుకోబోయి పగలబడి నవ్విన ఫోటో. రిటైరయ్యాక కంప్యూటర్ క్లాసులకు వెళ్లి, ఇంటిల్లిపాది ఫోటోలూ ఆ కంప్యూటర్లో పేర్చింది ఆవిడే. పాతవి కూడా అందులోకే ఎక్కించాక కాగితం మీద ఒక్కటీ మిగల్లేదు. "నాకు కేకులొద్దు, కానుకలొద్దు. మీ అమ్మ నవ్వు తెర మీద కనబడితే చాలు" అని పెద్దాయన నెల్లాళ్లుగా చెబుతున్నాడు. కంప్యూటర్ కూడా నెల్లాళ్లుగా మూలుగుతోంది.

ఏ రకం కొనాలని ఇంటివాళ్ల గ్రూపులో అడగడం వెన్‌బిన్ చేసిన మొదటి తప్పు. అక్క యాఫాంగ్ బడిపంతులమ్మ. లోపల పళ్లెం గిరగిరా తిరిగే పాతరకం డిస్కే కొనాలని, కొత్తరకం ఎస్సెస్‌డీలు బీరువాలో ఊరికే పడి ఉంటే ఉన్నదంతా మరిచిపోతాయని పాఠం చెప్పింది. బావమరిది కైలిన్ వాళ్ల ఊరు సించూలోనే కంప్యూటర్ చిప్పుల కర్మాగారంలో ఇంజనీరు. తిరిగేదేదైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగి తీరుతుందని, చేయిజారితే అక్కగారి పళ్లెం పచ్చడైపోతుందని వాదించాడు. భార్య సూయున్ మాత్రం వంటింట్లోంచి, "చిన్న పెన్‌డ్రైవ్ చాలదూ? అత్తయ్య అదేగా వాడేవారు" అంది. ఈ మాట భర్త గ్రూపులో పెడితే అక్కా, కైలిన్ ఆ పూట మొదటిసారి ఏకమై నవ్వారు.

అదే సమయానికి పెద్దాయన పార్కులో వ్యాయామం ముగించుకుని వచ్చాడు. బయటికెళ్తే ఆయన మెడలో ఎప్పుడూ ఒక చిన్న పాటల పెట్టె వేలాడుతూ ఉంటుంది. భార్య అమర్చి ఇచ్చినది. చివరి పాట అయిపోగానే అది చాలాసేపు నోరు మూసుకుని, ఆ తర్వాత మళ్లీ మొదటి పాట ఎత్తుకుంటుంది. "ఊపిరి తీసుకుంటోందిలే" అంటాడాయన. పార్కులో ముసలివాళ్లంతా ఆ సందులో మంచినీళ్లు తాగడం అలవాటు చేసుకున్నారు.

చివరికి వెన్‌బిన్ కైలిన్ మాటే విని, అగ్గిపెట్టెంత ఎస్సెస్‌డీ కొన్నాడు. దుకాణంలోని అమ్మాయి అది నీళ్లలో పడ్డా, లారీ ఎక్కినా చెక్కుచెదరదని చెప్పింది. ఇంటికి తెచ్చి తగిలించబోతూ కంప్యూటర్ నెత్తి మీదికి చూశాడు. అక్కడ ఎప్పుడూ ఉండే కొబ్బరి మిఠాయి ఆకుపచ్చ పొట్లం తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఆ ఊళ్లో ఆస్పత్రి యంత్రాల దగ్గర్నుంచి టికెట్లిచ్చే పెట్టెల దాకా ప్రతిదాని మీదా ఆకుపచ్చ పొట్లం ఉంటుంది. అది ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది. ఆకుపచ్చదే కావాలి, తేదీ దాటకూడదు, ఎవరూ తినకూడదు. ఇన్ని సూత్రాలు తెలిసిన ఇంట్లో కాలం చెల్లిన పొట్లం పెడితే కంప్యూటర్ మూలగక ఏం చేస్తుందని వెన్‌బిన్ తనను తానే తిట్టుకున్నాడు. వెంటనే వీధి చివరికి వెళ్లి, దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క ఆకుపచ్చ పొట్లం తెచ్చి నెత్తిన పెట్టాడు. ఫోటోలు బుద్ధిగా కదలడం మొదలుపెట్టాయి. అతను కునుకు తీయడానికి పోయాడు.

పెద్దాయనకు చక్కెర జబ్బు. డాక్టరు చెప్పినప్పటి నుంచి కోడలు ఆయన్ని తీపి వాసన కూడా చూడనివ్వడం లేదు. ఆ మధ్యాహ్నం ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, భార్య ఫోటో ఎప్పుడు కదులుతుందా అని తెర కేసే చూస్తున్నాడు. పొట్లం ముక్కు ముందే ఉంది. ఒక మూల చించి రెండు తీసుకుంటే యంత్రానికేం తెలుస్తుందిలే అనుకున్నాడు. తర్వాత ఇంకో రెండు. కరకర శబ్దానికి వెన్‌బిన్ లేచి వచ్చేసరికి పొట్లం ఖాళీ, తెర నల్లన.

"నాన్నా, అది తిన్నారా?"

పెద్దాయన మూతి తుడుచుకున్నాడు. "అడుగున కొంచెం పొడి మిగిలిందిరా. అది పెట్టి చూడు."

పొడి పెట్టారు. తెర వెలగలేదు. కొత్త డిస్కును సూయున్ లాప్‌టాప్‌కు తగిలించి చూస్తే అందులోకి చేరినవి యాఫాంగ్ పెంపుడు పిల్లి ఫోటోలు మాత్రమే. పెద్దాయన మొహం చూడలేక కొడుకు మళ్లీ బయటికి పరుగెత్తాడు. సోమవారం కర్మాగారాల్లో తనిఖీలట, ఉన్నవన్నీ వాళ్లే కొనేశారట, ఊళ్లో ఆకుపచ్చ పొట్లమన్నది దొరకలేదు. విసిగిపోయి పసుపు రంగు పొట్లం పట్టుకొచ్చాడు. అప్పుడే వచ్చిన కైలిన్ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పసుపు బ్యాంకులకి బావా. కంప్యూటర్ మీద పెడితే ఉన్నదీ పోతుంది."

"నువ్వు ఇంజనీరువేనా?"

"ఇంజనీర్ని కాబట్టే చెబుతున్నా. మా మిషన్ మీద మంచిదొకటుంది. ఒక్క గంటకి అరువు తెస్తాను."

పొద్దున్నంతా డిస్కుల గురించి శాస్త్రం చెప్పిన ఆ నోరే ఈ మాట కూడా అన్నది. కైలిన్ డ్యూటీలో ఉన్నవాళ్ల కళ్లుగప్పి కర్మాగారంలో మిషన్ మీది పొట్లం తెచ్చి కంప్యూటర్ మీద పెట్టాడు. కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. అతని ఫోను మాత్రం మోగింది. కర్మాగారంలో ఆ మిషన్ ఆగిపోయింది. పొట్లం ఎవడు తీశాడో తేలేదాకా ఎవరూ ఇళ్లకు పోకూడదని అధికారి హుకుం. కైలిన్ చెమటలు కక్కుకుంటూ పొట్లం వెనక్కి మోసుకుపోయాడు. అధికారి అతని చేత అందరి ముందూ మిషన్‌కు నడుం వంచి క్షమాపణ చెప్పించాడట. కైలిన్ లేవకముందే అది తిరగడం మొదలుపెట్టిందట. ఈ సంగతి గ్రూపులో చదివి యాఫాంగ్, "తిరిగేవే నమ్మకమైనవని పొద్దున్నే చెప్పాను" అని రాసింది.

సాయంత్రం కంప్యూటర్‌ను మరమ్మతు కొట్టుకు తీసుకెళ్లారు. కొట్టతను మూత విప్పి, దీని లోపలి డిస్కు అరిగిపోయిందని, పొట్లం తిన్నా తినకపోయినా ఇది నిలిచేది కాదని, ఫోటోలు రావని చెప్పాడు. పెద్దాయన నమ్మలేదు. అతను మర్యాదకంటున్నాడనుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా గది తలుపేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్న కూడా ఆ తలుపు తెరుచుకోలేదు. హోటల్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. తలుపు బయట కొడుకు బతిమాలుతుంటే లోపల్నుంచి నెమ్మదిగా మాట వచ్చింది.

"మీ అమ్మ నవ్వుని నాలుగు మిఠాయిలకి అమ్ముకున్నాన్రా. ఏ మొహంతో పెద్ద కుర్చీలో కూర్చోను? మీరెళ్లి తినండి."

పొట్లం అక్కడ పెట్టి పడుకున్నది వెన్‌బినే. తప్పు తనదే అని చెప్పాడు. తలుపు వినలేదు.

ఖాళీ తెర ముందు అతిథులు ఊరికే కూర్చుని తింటే ఏం బాగుంటుందని, మామగారి పాటలైనా పెడదామని సూయున్‌కు తోచింది. హాల్లో మేకుకు వేలాడుతున్న పాటల పెట్టెలోంచి గోరంత పెన్‌డ్రైవ్ లాగి, తన లాప్‌టాప్‌కు తగిలించింది. పాటలు పైన కాసిని ఉన్నాయి. వాటి కింద ఫోటోలు, కిందకి జరిపినకొద్దీ ఫోటోలు. పెళ్లినాటివి, వెన్‌బిన్ బడికి పోనని ఏడ్చినవి, యాఫాంగ్ జడలు, నాన్‌ల్యావ్ రేవు, గాలిలో టోపీ. పాటల పెట్టె రోజూ ఆ చివర నోరు మూసుకునేది వీటిని పాడటం చేతగాకే.

ఆమె లాప్‌టాప్‌ను తలుపు సందు ముందు నేల మీద పెట్టి, "మామయ్యా, మీ పాటల పెట్టెలో ఏముందో ఒక్కసారి కిందికి చూడండి" అంది.

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. పెద్దాయన అక్కడే నేల మీద చతికిలబడి, తెర మీది నవ్వును అలాగే చూస్తూ ఉండిపోయాడు. "అన్నీ ఇందులో వేశాను, పారేసుకోకండి అంది మీ అత్తయ్య. పాటల గురించేమో అనుకున్నాను" అన్నాడు. కళ్లొత్తుకున్నాడు. "రోజూ మెడలో వేసుకునే తిరుగుతున్నానే తల్లీ."

"అమ్మ అలా అందని మాకు చెప్పరేం నాన్నా?" అన్నాడు వెన్‌బిన్, ఏడవాలో నవ్వాలో తెలియక.

"మీరంతా ఏది కొనాలా అని మాట్లాడుకుంటున్నారు. నన్నెవరడిగారు?"

విందుకు గంట ఆలస్యంగా వెళ్లారు. ఆయుష్షు కోసం వండించిన పొడుగు నూడుల్స్ చల్లారిపోయాయి గాని ఎవరూ పట్టించుకోలేదు. తెర నిండా ఆవిడ టోపీ కోసం చేతులు చాచి నవ్వుతుంటే, పెద్ద కుర్చీలో పెద్దాయన వచ్చినవాళ్లందరికీ అది ఏ రోజో, ఆ టోపీ తర్వాత ఏ పడవ మీద దొరికిందో చెప్పి చెప్పి అలిసిపోయాడు. కైలిన్ తలొంచుకుని రెండో గిన్నె సూపు తాగాడు.

సోమవారం ఆ ఫోటోలన్నిటినీ కైలిన్ మాట ప్రకారం ఎస్సెస్‌డీలోకి, అక్క మాట ప్రకారం తిరిగే డిస్కులోకి కూడా ఎక్కించారు. సూయున్ ఊరంతా గాలించి తాజా తేదీ ఉన్న ఆకుపచ్చ పొట్లం చిన్నదొకటి తెచ్చి, మామగారి పాటల పెట్టెకు రబ్బరు బ్యాండుతో కట్టింది. మర్నాడు పార్కునుంచి పెద్దాయన పాటలు వింటూనే తిరిగొచ్చాడు, రబ్బరు బ్యాండు కింద మాత్రం ఏమీ లేదు.