ఆఫీసు మీద కేసు వేసిన వడ్రంగి

ఆ ఉదయం వడ్రంగి దేవుడికి దణ్ణం పెట్టుకుని, వకీలు దగ్గరికి వెళ్లేముందు ఒక్క పని చేద్దామనుకున్నాడు: శిశు సంక్షేమ కార్యాలయం గుమాస్తాకు ముందుగా ఓ మాట చెప్పడం.

అనాథాశ్రమంలోని ఐదేళ్ల పాపను పెంచుకుంటామని ఆయనా భార్యా దరఖాస్తు పెట్టి రెండేళ్లయింది. అడిగినప్పుడల్లా గుమాస్తా "పరిశీలనలో ఉంది" అనేవాడు. ఆదివారం చూడ్డానికి వెళ్తే, పాప చెప్పులు తొడుక్కుని గేటు దగ్గరే నిలబడి ఉండేది. చివరికి వకీలు, "అవుననో కాదనో తేల్చమని కోర్టునడుగుదాం" అన్నాడు.

"కేసు వేసేవాళ్లే వెళ్లి కబురు చెప్తారటండీ?" అంది భార్య.

"రెండేళ్లుగా మొహాలు చూసుకుంటున్నాం. చెప్పకుండా వేస్తే పాపం కాదూ?"

కార్యాలయానికి వెళ్లి సంగతి చెప్పి, "మీ మీద నాకేం కోపం లేదండీ" అని గుమాస్తా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఓదార్పుతో గుమాస్తాకు ముచ్చెమటలు పోశాయి. కేసు తనొక్కడి మీదే అనుకుని, కడుపునొప్పని సెలవుచీటీ రాసి ఇంటికి పోయాడు.

వారం తిరిగేసరికి కోర్టు, సోమవారం మధ్యాహ్నానికల్లా ఫైలు తెమ్మంది. ఆ సోమవారం పొద్దున అలమారలన్నీ గాలించినా ఫైలు లేదు. మిగిలింది గుమాస్తా బల్ల సొరుగు. అది ఎంత లాగినా రాదు. తాళంచెవి కోసం బంట్రోతు వెళ్తే, పోలీసులే పంపారనుకుని గుమాస్తా భార్య "ఆయన ఊళ్లో లేరు" అంది. అధికారి తానే బలంగా లాగాడు. పిడి ఊడి చేతికొచ్చింది, ఆయన కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

"ఎవరైనా వడ్రంగిని పట్టుకురండయ్యా!"

బంట్రోతు వీధిలోకి పరిగెత్తి, పనిలోంచి అటే కోర్టుకు బయల్దేరుతున్న మన వడ్రంగినే పనిముట్ల సంచీతో సహా లాక్కొచ్చాడు.

"అయ్యా, కేసు వేసింది నేనేనండీ."

"అది తర్వాత నాయనా, ముందు సొరుగు తియ్యి!"

'స్వామీ, ఎదుటి పక్షానికి నా చేతే పని చేయిస్తున్నావా?' అనుకుంటూ వడ్రంగి బల్ల కింద దూరాడు. తాళం లేనే లేదు. చెక్క వంకర తిరిగి, వానలకు ఉబ్బి బిగుసుకుపోయింది. ఉలితో అంచు గీకి లాగాడు. పైనే ఆయన ఫైలు, అందులో సంతకమూ ముద్రా పడిన మంజూరు ఉత్తర్వు. దాని తేదీ ఐదు నెలల కిందటిది.

అప్పుడే, ఇంట్లో ఉండబట్టలేక వచ్చిన గుమాస్తా గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. "సొరుగు బిగుసుకుపోయిందంటే, ప్రభుత్వ సామాను పాడుచేశావంటారని చెప్పలేదండీ. ఎండలొస్తే వదులవుతుందనుకున్నా."

"ఐదు నెలలయ్యా!" అన్నాడు వడ్రంగి. "అసలు ఈ బల్ల చేసినవాణ్ణనాలి!"

సొరుగు తిరగేశాడు. అడుగున పెన్సిలుతో వేసిన కొలతలు. ఆ రాత తనదే. కిందటేడు గుత్తేదారు తొందరపెడితే ఆరీ ఆరని చెక్కతో ఇరవై బల్లలు చేసిచ్చాడు. రంగులు వేశాక అవి ఎక్కడికి పోయాయో తెలియదు.

లేచి వెళ్లి గుమాస్తా భుజం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం పాప ఇంటికొచ్చింది. దోవంతా ఆయన చూపుడువేలు వదల్లేదు.

మర్నాడు కేసు వెనక్కి తీసుకునే కాగితంలో, ఆలస్యానికి కారణమేమని రాయాలో చెప్పమన్నాడు వకీలు. వడ్రంగి గొంతు సవరించుకుని, "పచ్చి చెక్క" అన్నాడు.