రాళ్ళచేనులో ఎర్ర జెండాలు

రంగనాథన్‌కు కోపం రాని రోజంటూ వెల్లిచందై ఊళ్ళో ఎవరూ చూడలేదు. అయినా ఆ బుధవారం పొద్దున మాత్రం కోపం తెచ్చుకోకూడదని అతను నిజంగానే అనుకున్నాడు. ఎండ ముదరకముందే చేనుకు పోవాలి, ఒక ఆట గోల్ఫ్ ఆడాలి, ఇంటికొచ్చి సంగటి తిని పడుకోవాలి. అంతకుమించి ఆ రోజుకు వేరే పని పెట్టుకోలేదు.

కోలారు బంగారు గనుల్లో గుమాస్తాగా చేరి, స్టోర్సు ఆఫీసరుగా రిటైరై, కిందటి ఏడే సొంతూరికి వచ్చాడు. ఉద్యోగమంతా బోల్టులు, ఇనుపతాళ్ళు, టోపీ దీపాలు జారీ చెయ్యడంతోనే సరిపోయింది. బంగారం ముక్కను చేత్తో ముట్టిన పాపాన పోలేదు. అక్కడ దొరలు చిన్న బంతిని కర్రతో కొట్టి, ఎక్కడో దూరాన ఉన్న గుంతలో వేసేవారు. వాళ్ళు దేశం విడిచి పోయేటప్పుడు ఒకాయన తన కర్రల సంచీ ఇతనికిచ్చి పోయాడు. ఆనాటినుంచీ రంగనాథన్‌కు మనశ్శాంతి అనేది దొరికితే ఆ ఆటలోనే దొరికింది. ఆఫీసులో పైవాళ్ళు తప్పులు పట్టేవారు, ఇంట్లో భార్య అలమేలుమంగ పట్టేది. బంతి మాత్రం చెప్పిన చోటికి పోకపోయినా, ఎదురు మాట్లాడేది కాదు.

ఊళ్ళో అతనికున్నది ఒక రాళ్ళచేను. తండ్రి పోయాక జరిగిన పంపకాల్లో బావి ఉన్న తోట తమ్ముడు చిన్నసామికి పోయింది, బావీ నీడా లేని ఆ చేను ఇతనికి వచ్చింది. ఆ రోజు పెద్దమనుషుల ముందు రంగనాథన్ "నాకేం ఫరవాలేదు" అన్నాడు. ఆ మాట అన్నందుకు తన మీదా, అనగానే నమ్మేసినందుకు తమ్ముడి మీదా ఇన్నేళ్ళూ కోపంగానే ఉన్నాడు. ఇప్పుడు ఆ చేనులో పాలపొడి డబ్బాలు పాతి గుంతలు చేశాడు. గుంత గుంతకూ ఒక పుల్ల నాటి, భార్య పాత ఎర్రచీర చించి జెండాలు కట్టాడు. ఆ చీర అంత పాతదేం కాదని అలమేలుమంగ ఇంకా అంటూనే ఉంది.

చిన్నసామి తోటలో టమాటాలు కోయడానికి పోతున్న తిమ్మమ్మ గట్టు మీద ఆగింది. "ఏంది సామీ, ఈ జెండాలు?"

బంతిని గురిచూస్తున్న రంగనాథన్‌కు ఆ గొంతుతో గురి తప్పింది. పొద్దున చేసుకున్న తీర్మానమూ తప్పింది. "కోలార్లో చేసిందే ఈడ చేస్తాండా. నీ పని చూసుకో."

తిమ్మమ్మ తన పని చూసుకోలేదు. ఆ మాటను తోటకు మోసుకుపోయింది. అరగడియ తిరక్కముందే పక్క చేను అంజప్ప వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత లోతు మామా?"

"జానెడు. అంతకన్నా లోతేంటికి?"

అంజప్ప తన జాన చాచి చూసుకున్నాడు. "జానెడు లోతులోనేనా. ఏమన్నా దొరికెనా?"

ముళ్ళపొదల్లో పోయిన బంతులు గుర్తొచ్చి రంగనాథన్ ఒళ్ళు మండింది. "ఏం దొరికేది? నిన్న పొద్దంతా వెతికితే రెండే చిక్కినాయి. మిగతావి యాడుండాయో ఈ రాళ్ళకే తెలియాల."

"ఒక్కొక్కటీ ఏమాత్రం ఉంటాది?"

"నిమ్మకాయంత. ఎవడైనా ఎత్తుకపోయినాడని తెలిస్తే కాళ్ళు విరగ్గొడ్తా."

అంజప్ప వెనక్కి తిరిగి ఊరివైపు పరుగెత్తాడు. వయసైనవాడు అంత వేగంగా పరుగెత్తడం రంగనాథన్ ఎప్పుడూ చూడలేదు. పిచ్చివాడనుకుని మళ్ళీ గురిచూసుకున్నాడు.

రెండో గుంత దగ్గరికి పోయేసరికి సగం ఊరు చేనులో ఉంది. పాలకోడు మార్కెట్టుకు టమాటా ఎక్కించుకున్న ట్రాక్టరు కూడా రోడ్డు పక్కనే నిలిచిపోయింది. కొందరి చేతుల్లో గడ్డపారలు, కొందరి చేతుల్లో జల్లెడలు. అందరికన్నా ముందు చిన్నసామి వచ్చాడు, చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని.

"అన్నా, ఇది నాయన భూమి. కింద ఏముండినా అందులో నాకూ సగం పంగు ఉంది."

"కింద ఏముంది రా?"

"బంగారం. అంజప్పకు నువ్వే చెప్పినావంట, జానెడు లోతులో నిమ్మకాయంత."

రంగనాథన్‌కు సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నుదుటి నరాలు ఉబ్బాయి. "ఇది ఆట రా మూర్ఖుడా. బంతిని కొట్టి గుంతలో వేసే ఆట."

చిన్నసామి జనం వైపు తిరిగాడు. "వినండప్పా. అరవై దాటిన మనిషి ఎండలో నిలబడి, ఇనుపకర్రతో బంతిని దూరంగా కొట్టి, మళ్ళీ తానే దాని వెనకాల నడుచుకుంటా పోతాడంట. నమ్మేదానికి మనం చంటిబిడ్డలమా?"

ఎవరూ నమ్మలేదు. ఆ మాటల్లో విన్నాక రంగనాథన్‌కే ఆట నమ్మదగ్గదిగా తోచలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది. "అయితే కళ్ళారా చూడండి" అని బంతిని నేలమీద పెట్టి, కోలార్లో పైవాళ్ళందరినీ తలుచుకుని ఒక్క దెబ్బ వేశాడు. తిన్నగా పోవలసిన బంతి పక్కకు తిరిగి, గట్టు దాటి, చిన్నసామి టమాటా తోటలో పడింది.

జనమంతా అటువైపు తిరిగారు. అప్పుడు అంజప్ప అన్నాడు, "ఆడుండాదన్నమాట. బంగారం యాడుందని కోలారోళ్ళు భూమిని ఇట్లనే అడిగేది."

గడ్డపారలన్నీ గట్టు దాటాయి. "నా తోట, నా తోట" అంటూ చిన్నసామి వెనకాల పరుగెత్తాడు. కాపుకొచ్చిన టమాటా చెట్లు కాళ్ళకింద నలిగాయి. తిమ్మమ్మ కోసిపెట్టిన గంపలు బోర్లాపడ్డాయి. బంతి పడిన చోట మోకాటిలోతు తవ్వితే బంతే దొరికింది. అది గుడ్డు అని ఒకడు, పచ్చి బంగారం తెల్లగానే ఉంటుందని ఇంకొకడు వాదించుకున్నారు.

చిన్నసామి ఎర్రటి రసం కారుతున్న కాళ్ళతో అన్న మీదికి వచ్చాడు. "కావాలనే కొట్టినావు. పంపకాలప్పటి కడుపుమంట ఈ పొద్దు తీర్చుకుంటివి."

"అవును రా, మంటే. బావి నీకు, బండలు నాకు. నేను ఊళ్ళో ఉండనని నీ ఇష్టానికి పంచుకుంటివి."

"ఊళ్ళో ఎందుకు లేవు? నాయన మంచాన పడి ఉంటే ఎత్తింది నేను, కడిగింది నేను. నువ్వు ఆడ ఈ కర్రలు తిప్పుతా ఉంటివి."

ఆ మాట నిజమైనందుకు తమ్ముడిని కొట్టాలనిపించి, రంగనాథన్ చేతిలోని కర్రను సంచీలో దూర్చేశాడు. చిన్నసామి అంతకాలం దాచుకున్న మాట బయటపడ్డందుకు తానే తడబడినట్టు చూపు దించుకున్నాడు. అయినా కోపంలోనే అన్నాడు. "తోటే కదా నీ బాధ. తీసుకో. బావితో సహా తీసుకో. నాకు ఆ రాళ్ళచేను ఇయ్యి."

"నాకొద్దు" అని రంగనాథన్ అరిచాడు. అది నిజం. ఏ తోటకోసం ఇన్నేళ్ళుగా రగిలాడో దాన్ని ఎదురుగా పెడితే, ఎర్రజెండాల చేనే తనకు కావాలని అప్పుడే తెలిసింది.

"చూస్తిరా, ఇయ్యనంటాడు" అన్నారు జనం. "బంగారం లేకపోతే బావితోట వద్దంటాడా ఎవడైనా?"

సంగటి ఆరిపోతోందని పిలవడానికి వచ్చిన అలమేలుమంగ అప్పుడు ముందుకు వచ్చింది. "చిన్నసామీ, ఆ చేనులో బంగారం లేదు. ఇంతమంది ముందర చెప్తాండా. విన్నావా?"

"విన్నా వదినా."

"నమ్మినావా?"

చిన్నసామి నవ్వాడు. "నువ్వు అట్ల చెప్పాల్సిందే కదా."

"అయితే మాకు ఒప్పుదలే" అంది ఆమె. పెద్దమనుషులు అక్కడే ఉన్నారు, మాట ఖాయమైంది. రంగనాథన్ కర్రల సంచీని తమ్ముడి కాళ్ళ దగ్గర విసిరికొట్టి, "ఇవీ తీసుకో, వీటితోనే తవ్వు" అని ఇంటికి పోయాడు. ఆ రోజు సంగటి ముట్టలేదు.

చిన్నసామి ఎండాకాలమంతా తవ్వాడు. బండ తగిలింది, దానికింద ఇంకో బండ తగిలింది. తప్పిపోయిన బంతులు మాత్రం ఒక్కటీ పోకుండా దొరికాయి. ఇటు రంగనాథన్ బావి మోటారుతో, టమాటా పురుగుతో, కూలికి వచ్చి వ్యవసాయం నేర్పబోయే తిమ్మమ్మతో పోట్లాడుతూ, విరగకాసిన తోట మధ్య ఊరందరికన్నా అసంతృప్తిగా ఉన్నాడు.

వానలు పడ్డాక ఒక పొద్దున గట్టు అవతల టక్కుమని చప్పుడైంది. రంగనాథన్ తలెత్తి చూశాడు. రాళ్ళచేనులో చిన్నసామి పంచె ఎగగట్టి, బంతి ముందర పెట్టుకుని, ఇనుపకర్రను గడ్డపారలాగా పట్టుకుని ఊపుతున్నాడు. బంతి కదలలేదు. మళ్ళీ ఊపాడు. రంగనాథన్ పళ్ళు నూరుకుంటూ చాలాసేపు ఓర్చుకుని, ఇక ఓర్వలేక, చేతిలోని పురుగుమందు డబ్బా కింద పడేసి గట్టెక్కాడు.

"మోచెయ్యి వంచొద్దు రా దున్నపోతా" అని అరిచాడు.

పంపకాలయిన నాటినుంచీ తమ్ముడితో అతను ఆడిన మంచి మాట అదొక్కటే.